జన్యుమార్పిడి పంటకు ‘సుస్థిర’ ముద్ర ఎందుకు వద్దంటున్నాం? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూలు, గద్వాల వైపు పత్తి రైతులు, నేత పనివాళ్లు, బట్టలు కొనేవాళ్లు మమ్మల్ని పదే పదే అడిగిన ప్రశ్నలివి. కొన్ని కోపంతో అడిగినవి. వాటినీ తీసేయలేదు.

మీరు బీటీ పత్తి వేయొద్దంటున్నారా?

లేదు. బీటీ అంటే కాయతొలుచు పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువు పెట్టిన జన్యుమార్పిడి పత్తి. మునుగోడు, దేవరకొండ చెల్కల్లో వాన మీద ఆధారపడి పత్తి పెట్టే రైతుకు దుకాణంలో దొరికేదే బీటీ హైబ్రిడ్. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీయే. వేరే విత్తనం ఇవ్వమంటే డీలరు ఎగాదిగా చూస్తాడు. దొరికింది వేసుకున్న రైతును పట్టుకుని నువ్వు తప్పు చేశావనడం న్యాయం కాదు.

మా అభ్యంతరమల్లా ముద్ర మీద. ఆ దూదితో కుట్టిన చొక్కాకు ‘సుస్థిర పత్తి’, ‘బాధ్యతాయుత పత్తి’ అని చీటీ తగిలిస్తే, ఈ సాగు నేలకూ నీళ్లకూ రైతుకూ పదికాలాల పాటు మేలు చేస్తుందని కొనేవాడికి మాటిచ్చినట్టే. ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్నాం, ఆ మాట ఇచ్చే పరిస్థితి లేదు. బీటీ వేయండి, అమ్మండి, కొనండి. దానికి లేని పేరు మాత్రం పెట్టొద్దు.

అసలు ఈ ముద్రలు ఎవరు వేస్తారు?

పత్తిలో పెద్దది బీసీఐ, అంటే బెటర్ కాటన్ ఇనిషియేటివ్. 2005లో కొన్ని పెద్ద బట్టల కంపెనీలు, పర్యావరణ సంస్థలు కలిసి మొదలుపెట్టిన ఆలోచన, 2009 నాటికి సంస్థగా నిలబడింది. ఊళ్లల్లో ముప్పై నలభై మంది రైతులను గ్రూపుగా చేసి, ఫీల్డ్ ఫెసిలిటేటర్‌ను పెట్టి, రైతుల చేత ఒక పుస్తకంలో ఎరువులు, మందులు, నీళ్ల లెక్క రాయిస్తారు. ప్రమాదకరమైన మందులు తగ్గించాలి, పిల్లల చేత పని చేయించొద్దు, నేలను కాపాడాలి అనేవి వాళ్ల నియమాలు. వాటిలో మంచివి చాలా ఉన్నాయి. మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని మొట్టమొదట ఈ మీటింగుల్లోనే విన్నామన్న రైతులు మాకు తెలుసు.

చిక్కు ఒక్కచోటే ఉంది. విత్తనం సంగతిలో తాము తటస్థం అంటారు. జన్యుమార్పిడి విత్తనమా, కాదా అన్నది వాళ్ల లెక్కలోకి రాదు. పంట బతుకంతా విత్తనం నిర్ణయిస్తుంటే విత్తనాన్ని వదిలేసి మిగతాది కొలవడం మాకు మింగుడుపడదు.

సేంద్రియ ముద్రకూ దీనికీ తేడా లేదా?

చాలా ఉంది. కేంద్రం 2001లో మొదలుపెట్టిన ఎన్‌పీఓపీ సేంద్రియ ప్రమాణాల్లో జన్యుమార్పిడి విత్తనం నిషేధం. గుంపుగా రైతులే ఒకరి చేలు ఒకరు చూసి ధ్రువీకరించుకునే పీజీఎస్ పద్ధతిలోనూ అంతే. బట్టలకు ఇచ్చే గాట్స్ ముద్రలోనూ అంతే. షాపులో నిలబడి చూసేవాళ్లకు మాత్రం అన్నీ పచ్చాకు బొమ్మలే. ఏది ఏమిటో తెలియదు. జనుమో జీలుగో వేసి దున్ని, వేపగింజల కషాయం కాచుకుని కొట్టే రైతు పక్కన, బీటీ వేసి రెండు స్ప్రేలు తగ్గించిన రైతును అదే వరుసలో నిలబెడితే మొదటివాడి కష్టం అక్కడే మునిగిపోతుంది.

బీటీ వచ్చాక మందులు తగ్గాయి కదా. అది సుస్థిరత కాదా?

అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న. జవాబు కాస్త పొడుగు.

తగ్గిన మాట నిజం. 1990ల చివర్లో శనగపచ్చ పురుగు మీద మందులు కొట్టీ కొట్టీ అప్పుల్లో మునిగిన పత్తి రైతుల కథ తెలంగాణలో ఎవరూ మరచిపోలేదు. 2002 మార్చిలో కేంద్రం మొదటి మూడు బీటీ హైబ్రిడ్లకు అనుమతిచ్చింది. వర్షాధార చేలల్లో సరిగా రాలేదన్న ఫిర్యాదులతో ఆ మూడింటినీ 2005లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆపేశారు. తర్వాత వేరే హైబ్రిడ్లు, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చాయి. శనగపచ్చ పురుగు మీద బీటీ గట్టిగానే పనిచేసింది. ఇది కాదనేవాళ్లతో మేం కలవం.

ఆ తర్వాత ఏమైందో చూడండి. మొదటి బీటీని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని గుజరాత్ చేలల సమాచారంతో 2010లో దాన్ని తెచ్చిన మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. నాలుగైదేళ్లకే బీజీ-2 కూడా దాని ముందు ఆగలేదు. 2017లో మహారాష్ట్రతో పాటు మన దగ్గరా కాయ కాయకూ పురుగే.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాం. పువ్వు విచ్చుకోదు, రేకులు మెలిపడి ముడుచుకుని ఉంటాయి. దీన్నే గుడ్డిపువ్వు అంటాం. వేళ్లతో విప్పితే లోపల సన్నటి పురుగు. కాయ పైకి పచ్చగా, నిండుగా, ముద్దొస్తూ ఉంటుంది. పగలగొడితే దూది పసుపుపట్టి, గింజలో పురుగు. అది లోపలికి దూరిన కన్నం కూడా పూడుకుపోతుంది కాబట్టి ఎంత ఖరీదైన మందు కొట్టినా దానికి తగలదు. ఏరిన పత్తి మార్కెట్‌కు తెస్తే కౌడీ, అంటే రంగు మారిన నాసి పత్తి అని పక్కన పెడతారు.

ఇక పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగుల మీద బీటీకి ఎప్పుడూ పని లేదు. వాటి కోసం మళ్లీ ట్యాంకులు భుజాన వేసుకోక తప్పలేదు. కేశవ్ క్రాంతి, గ్లెన్ డేవిస్ స్టోన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2020లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో ఇరవై ఏళ్ల లెక్క తీశారు. బీటీ రాకముందు కంటే ఇప్పుడే రైతు పురుగు మందులకు ఎక్కువ ఖర్చు పెడుతున్నాడని తేల్చారు. క్రాంతి నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా చేసినాయన. బీటీ అంటే గిట్టని మనిషని ఆయన్ను కొట్టిపారేయలేం.

దిగుబడి సంగతీ అలాంటిదే. 2001-02లో దేశ సగటు హెక్టారుకు 300 కిలోల దూది చుట్టూ ఉండేది. 2013-14లో 566 దాకా వెళ్లింది. ఈమధ్య మళ్లీ 450 లోపుకే జారింది. పెరిగినప్పుడు ఎరువులు, నీళ్లు, విత్తన శుద్ధి మందులు కూడా పెరిగాయి. తగ్గేటప్పుడు మాత్రం పత్తిలో బీటీ వాటా తగ్గలేదు.

కొన్నేళ్లు మేలు చేసిన పనిముట్టు అనండి, ఒప్పుకుంటాం. సుస్థిరం అనడానికి మాత్రం ఆ కొన్నేళ్ల తర్వాతి సంగతి కావాలి.

పురుగు తట్టుకోవడం రైతుల తప్పే కదా? రెఫ్యూజీ వేయలేదు కదా?

రెఫ్యూజీ అంటే పురుగు బీటీకి అలవాటు పడకుండా దాని తిండికి వదిలే మామూలు పత్తి. అందుకోసం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్-బీటీ విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు వరుసలో, లేదంటే 20 శాతం విస్తీర్ణంలోనో వేయమన్నారు. ఎక్కువమంది వేయలేదు. రెండెకరాల చెల్కలో ఐదో వంతు పురుగుకు వదిలేయమంటే, కౌలు కట్టే మనిషి ఎలా వింటాడు? తర్వాత ఒకే సంచిలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికి పురుగు ముదిరిపోయింది.

ఇంకో కారణం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మిగతా దేశాల్లో బీటీని ఎక్కువగా సూటి రకాల్లో, అంటే గింజ దాచుకుని మళ్లీ వేసుకోగల రకాల్లో పెట్టారు. మన దగ్గర హైబ్రిడ్లలో పెట్టారు. హైబ్రిడ్ మొక్క కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలో విషం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. పురుగుకు మెల్లమెల్లగా అలవాటు చేసినట్టయింది. పైగా హైబ్రిడ్లు ఎక్కువ కాలం చేలో నిలబడతాయి, జనవరి దాటినా పీకరు, పురుగుకు తిండి దొరుకుతూనే ఉంటుంది. హైబ్రిడ్ ఎందుకు ఎంచుకున్నారంటే రైతు గింజ దాచుకోకుండా ఏటా కొనాలి కాబట్టి. ఇది రైతు చేసిన నిర్ణయం కాదు.

విత్తనం మీద మీకెందుకంత పట్టుదల?

గద్వాల దగ్గరుంది కాబట్టి. నడిగడ్డలో, అంటే కృష్ణ, తుంగభద్రల మధ్య అయిజ, గట్టు, మల్దకల్, ధరూర్ వైపు వెళ్తే దేశమంతా కొనే బీటీ ప్యాకెట్లు ఎక్కడ పుడుతున్నాయో కనబడుతుంది. అక్కడ పండించేది సీడ్ పత్తి, అంటే దూది కోసం కాదు, విత్తనం కోసం. సాయంత్రం పూట ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, గోటితో రేకులు, కేసరాలు ఒలిచేస్తారు. మధ్యలో కీలం ఒక్కటే మిగలాలి. అది విరిగితే కాయ పోయినట్టే. గుర్తుకు చిన్న కాగితం తొడుగుతారు. పొద్దున మగ పువ్వు తెంపి ఆ కీలానికి రుద్దుతారు. దీన్ని క్రాసింగ్ అంటారు. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని, నడుము వంచి. ఎక్కువ మంది ఆడవాళ్లే. ఒకప్పుడు బడి మాన్పించిన ఆడపిల్లల చేత కూడా చేయించేవారు. దాని మీద పెద్ద ఉద్యమాలే జరిగాయి.

కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి అతనే ఇస్తాడు, వడ్డీ లెక్కా అతనే వేస్తాడు. విత్తనం జీఓటీ పరీక్షలో, అంటే మొలకెత్తించి పెంచి స్వచ్ఛత చూసే పరీక్షలో ఫెయిలైందంటే ఆ నష్టం రైతు నెత్తిన. కాగితం మీద ఒప్పందం చాలామంది చేతిలో ఉండదు.

పత్తి ముద్రల లెక్క చేనులో మొదలై జిన్నింగ్ మిల్లు మీదుగా బట్ట దాకా పోతుంది. చేను కంటే ముందు ఆ ప్యాకెట్ ఎవరి వేళ్ల మీదుగా వచ్చిందో ఆ లెక్కలో లేదు. బీటీ హైబ్రిడ్‌కు సుస్థిర ముద్ర వేయడమంటే నడిగడ్డను మ్యాపులోంచి తుడిచేయడమే అని మా అభిప్రాయం.

ధర మాట కూడా ఒకటి. మొదట్లో 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు, ఆపైనా అమ్మింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి కొట్లాడితే 750కి దిగింది. ఇప్పుడు కేంద్రమే ధర కడుతోంది, 2025లో బీజీ-2 ప్యాకెట్ 901 రూపాయలు. అంటే ఈ మాత్రం అదుపు కోర్టులు, సర్కార్లు తెచ్చింది. ఏ ముద్రా తేలేదు.

గడ్డిమందు పత్తి సంగతేమిటి?

బీజీ-3 అని, లూజు విత్తనం అని గుట్టుగా అమ్ముతున్నది ఇదే. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొట్టినా చావని పత్తి. దేశంలో దీనికి అనుమతి లేదు. అయినా 2017 నాటికే తెలంగాణ సహా నాలుగైదు రాష్ట్రాల్లో పాకిపోయిందని తేలింది. రాష్ట్ర ప్రభుత్వం 2018లో గ్లైఫోసేట్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది, కేంద్రం 2022లో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలంది. దుకాణాల్లో అడిగి చూడండి, ఆ ఆంక్ష ఏ మాత్రం నిలబడిందో తెలుస్తుంది.

కలుపుకు కూలీలు దొరకరు, దొరికినా రేటు మోయలేం అన్నది రైతు మాట. అది వట్టి సాకు కాదు. కానీ వానకాలమంతా కలుపు కూలి మీదే ఇల్లు గడిపే ఆడవాళ్లు కూడా ఆ ఊరివాళ్లే. కలుపు యంత్రాలకు, గుంటుకకు, దగ్గర దగ్గరగా పెట్టే పొట్టి రకాలకు డబ్బు పెట్టాల్సిన చోట గడ్డిమందు పత్తికి ‘దున్నకుండా సాగు, కార్బన్ ఆదా’ అనే పచ్చ చీటీ తగిలిస్తారేమోనన్నది మా భయం. ఊరికే అంటున్న మాట కాదు, సోయాలో ఇది జరిగింది.

సోయాలో ఏం జరిగింది?

బాధ్యతాయుత సోయా రౌండ్ టేబుల్ అని 2006లో ఒక వేదిక పెట్టారు. 2010లో ప్రమాణాలు ఖాయం చేశారు. అడవులు నరకొద్దు లాంటి మంచి నియమాలున్నాయి. గ్లైఫోసేట్ తట్టుకునే జన్యుమార్పిడి సోయాకు కూడా ‘బాధ్యతాయుత’ ముద్ర దక్కుతుంది. అర్జెంటీనాలో ఆ సోయా 1996 నుంచీ ఉంది. ఏళ్ల తరబడి ఒకే మందు కొడితే దాన్ని తట్టుకునే కలుపు పుట్టింది, దాని కోసం ఇంకా ఘాటు మందులు వచ్చాయి. లాటిన్ అమెరికా, యూరప్ రైతు సంఘాలు, పర్యావరణ సంఘాలు అప్పుడే ఈ ముద్రను ఖండించాయి. మేం ఇప్పుడు అంటున్నది వాళ్లు అన్నదే.

మనకు సంబంధం లేదనుకోకండి. 2021 ఆగస్టులో కోళ్ల దాణా కొరత పేరుతో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం ఒప్పుకుంది.

ముద్ర ఉంటే రైతుకు రేటు ఎక్కువ వస్తుంది కదా? ఎందుకు అడ్డం పడుతున్నారు?

వస్తే మేమే ముందు వరుసలో ఉండేవాళ్లం. బీసీఐ పద్ధతిలో రైతుకు అదనపు ధర ఇస్తామన్న హామీ లేదు. పెట్టుబడి తగ్గి లాభం పెరుగుతుందన్నది వాళ్ల వాదన. చిట్యాల జిన్నింగ్ మిల్లులోనో, సర్కారు పత్తి కొనే సీసీఐ కేంద్రంలోనో రైతును అడిగేది తేమ శాతం ఎంత, పింజ ఎంత అనే. నీ పుస్తకంలో ఏం రాశావని ఎవరూ అడగరు.

పైగా చాలాకాలం ‘మాస్ బ్యాలెన్స్’ పద్ధతి నడిచింది. అంటే ముద్ర ఉన్న పత్తి, లేని పత్తి మిల్లులో కలిసిపోతాయి. ఎన్ని టన్నులు కొన్నారో అన్ని టన్నులకు కాగితం మీద లెక్క చూపితే చాలు. చొక్కా మీద చీటీ ఉన్నా, ఆ చొక్కాలో ఆ పత్తి ఉండాలని లేదు.

బీటీ ఆకు మేసి గొర్రెలు చచ్చిపోయాయని చెప్పరేం?

2006లో ఓరుగల్లు వైపు పత్తి చేలల్లో మేసిన గొర్రెలు చనిపోయాయి, గొల్ల కురుమలు నష్టపోయారు. అంతవరకు నిజం. బీటీ వల్లే అని శాస్త్రపరంగా రుజువు కాలేదు. చేల మీద కొట్టిన మందులు కూడా కారణం కావచ్చు. రుజువు లేనిదాన్ని మా వాదనలో పెట్టుకోం. వాట్సాప్‌లో తిరిగే క్యాన్సర్ ఫొటోలు కూడా మాకు పంపకండి. గ్లైఫోసేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ కోవలో చేర్చింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఒప్పుకోలేదు. అంతే చెప్పగలం.

తినేవాటి మీద జీఎం అని రాయాలన్న చట్టం లేదా?

ఉంది. జన్యుమార్పిడి ఆహారం ఉన్న ప్యాకెట్ మీద ‘జీఎం’ అని రాయాలన్న తూనికలు, కొలతల శాఖ నియమం 2013 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బయటి నుంచి వచ్చే 24 రకాల పంటలకు జీఎం కాదన్న సర్టిఫికెట్ ఉండాలని, పొరపాటున కలిసినా 1 శాతం దాటొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021 మార్చి నుంచి అంటోంది. ఇక మన పత్తి గింజల నూనె చాలావరకు బీటీ పత్తిదే. ఆ నూనె డబ్బాల మీద ఆ రెండక్షరాలు చూసిన గుర్తు మాకు లేదు. మీకు కనబడితే ఫొటో తీయండి. ఉన్నది ఉన్నట్టు రాయాల్సిన ముద్రే లేనిచోట, పొగిడే ముద్ర ముందొస్తోంది.

‘కమల’ వరి కూడా జీఎం అంటారా?

అనం. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరిలో ఒక జన్యువును సవరించి చేసిన వంగడం అది. 2025 మేలో ప్రకటించారు. బయటి జీవి జన్యువు అందులో లేదు కాబట్టి 2022లో ఇచ్చిన మినహాయింపు కింద జీఎం నియమాలు దానికి వర్తించవు. బీటీతో ఒకే గాటన కట్టడం తప్పు.

ఇరవై రోజులు ముందే కోతకు వస్తుందని, నీళ్లు, మీథేన్ తగ్గుతాయని చెబుతున్నారు. సాగర్ ఆయకట్టులో చివరి తడికి నీళ్లు అందని రైతుకు ఇరవై రోజులంటే చిన్న సంగతి కాదు. నిజమైతే సంతోషం. ముందు సంచి మీద జన్యు సవరణ అని రాయండి, మిర్యాలగూడ, హాలియా పొలాల్లో నాలుగైదు సీజన్లు చూడనివ్వండి, తర్వాత ‘వాతావరణ అనుకూల బియ్యం’ అని ముద్ర వేసుకోండి.

మీరు సైన్సుకు వ్యతిరేకం, అంతేగా?

పురుగు మీద, మందుల ఖర్చు మీద పైన చెప్పిన లెక్కలు శాస్త్రవేత్తలవే.

మా చేను పక్కనంతా బీటీయే. నాన్-జీఎం అని ఎలా నిరూపించుకోవాలి?

ఆకు ముక్కో, గింజో నూరి నీళ్లలో కలిపి పరీక్ష స్ట్రిప్ (కాగితపు పట్టీ) ముంచితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండు గీతలు వస్తే బీటీ ప్రోటీన్ ఉన్నట్టు. చేనులో, జిన్నింగ్ మిల్లులో ఈ పరీక్ష పనికొస్తుంది. రంగు వేసి, ఉడికించి, కుట్టిన బట్టలో పట్టుకోవడం మహా కష్టం. అందుకే సేంద్రియ పత్తిలో కూడా కాగితాల మోసాలు జరిగాయి. 2020లో భారత్‌లోనే నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయని గాట్స్ ప్రకటించింది. మేం కోరుకునే ముద్ర కూడా మచ్చ లేనిదేం కాదు.

దేశీ పత్తి వేస్తే ఒక సుఖం ఉంది. దాని క్రోమోజోములు 26, బీటీ హైబ్రిడ్లవి 52. చేను పక్కనే ఉన్నా మామూలుగా సంకరం కావు. కల్తీ అయ్యేది విత్తనం దగ్గర, మిల్లు దగ్గర. ముందు వచ్చిన లాటు గింజలు మిషన్‌లో మిగిలి ఉంటే మీ విత్తనం పాడవుతుంది. కొద్దిగా అయితే చిన్న చేతి జిన్నింగ్ మిషన్ మేలు.

గద్వాల, నారాయణపేట చీరలకు ఈ గొడవతో ఏం పని?

హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందంటే మగ్గం మీద చేత్తో నేశారని అర్థం. నూలు ఏ పత్తిదో ఆ మార్క్ చెప్పదు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ నేత గురించే. నేతన్నకు నూలు మిల్లు నుంచి వస్తుంది, అందులో ఏముందో ఆయనకు చెప్పేవాళ్లు లేరు. ‘పర్యావరణ అనుకూల చీర’ అని అమ్మే దుకాణాలు తెలియని సంగతి మీద హామీ ఇస్తున్నాయి. నేతన్నను నిలదీయకండి, దుకాణాన్ని అడగండి.

సరే, అభ్యంతరం ఎలా చెప్పాలి?

ప్రమాణాలు మార్చే ముందు ముద్ర సంస్థలు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ ముసాయిదాలకూ గడువు ఇస్తుంది. నినాదాలు రాస్తే పక్కన పడేస్తారు. మీ చేను లెక్క రాయండి. ఏ విత్తనం, ప్యాకెట్ ఎంతకు కొన్నారు, ఏ పురుగుకు ఏ మందు ఎన్నిసార్లు కొట్టారు, గుడ్డిపూలు ఏ నెలలో కనబడ్డాయి, ఎన్ని క్వింటాళ్లు, ఏ రేటు. బీసీఐ గ్రూపులో ఉన్నవాళ్లయితే మీ పుస్తకంలో ఉన్న లెక్కనే రాయండి, అది వాళ్లు కాదనలేరు. తెలుగులోనే రాయండి, పక్కన ఇంగ్లిష్ కాపీ పిల్లల చేత రాయించండి. బిల్లుల ఫొటోలు జత చేయండి. పంపేముందు ఆధార్ నంబరు, పట్టాదారు పాసుపుస్తకం నంబరు కనబడకుండా వేలు అడ్డం పెట్టి ఫొటో తీయండి.